ఉపాధి హామీ పని: కర్నూలు పడమటి పల్లె నుంచి ఒక మేట్ రివ్యూ

సంక్రాంతి దాటగానే మా వైపు ప్రతి ఇంట్లో ఒకటే లెక్క. గుంటూరు మిర్చి కోతలకు పోవాలా, ఊళ్లోనే ఉండి ఉపాధి పని చేసుకోవాలా? ఆ లెక్క వేసుకునేవాళ్లకు అక్కరకొస్తుందని ఈ రివ్యూ రాస్తున్నాను.

నాది కర్నూలు జిల్లాలో కోసిగి, మంత్రాలయం వైపు ఒక పల్లె. ఇంటర్ దాకా చదివాను. మాకు కొంచెం మెట్ట పొలం ఉంది, బోరు లేదు. జాబ్ కార్డు మీద పనికి పోతాను, మా గ్రూపుకు మేట్‌ని కూడా నేనే. మట్టి పని చేసేదీ నేనే, హాజరు వేసేదీ నేనే కాబట్టి రెండు వైపులా చూసి చెబుతున్నాను. పని మంచిది. కొలత ఫరవాలేదు. డబ్బు వచ్చే తీరు మాత్రం బాగాలేదు. మా ఊరివాళ్లు వలస పోతున్నది కూలి రేటు తక్కువని కాదు, ఆ కూలి ఎప్పుడు చేతికొస్తుందో తెలియక. ఇది నా గట్టి అభిప్రాయం.

ముందు మా ఏడాది ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. జూన్‌లో వాన పడితే విత్తనం వేస్తాం. పత్తి, వేరుశనగ, కంది, ఉల్లి, ఆముదం. జూలై, ఆగస్టుల్లో కలుపు పని ఆడవాళ్లకు చేతినిండా ఉంటుంది. తర్వాత ఉల్లి పీకడం, కోయడం, ఆ వెంటనే వేరుశనగ. దసరా నుంచి పత్తి తీత మొదలై సంక్రాంతి దాకా సాగుతుంది. పత్తి కట్టె పీకేశాక పొలంలో మనిషికి పని లేదు. జనవరి ఆఖరు నుంచి మళ్లీ వాన పడేదాకా నాలుగైదు నెలలు ఖాళీ. కాలువ కింద ఉన్నవాళ్ల సంగతి వేరు, మెట్టవాళ్లం మేము. సరిగ్గా అప్పుడే గుంటూరు, పల్నాడు వైపు మిర్చి పండి కోతకొస్తుంది. మా పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. డీసీఎం బండ్లలో బియ్యం మూటలు, గిన్నెలు, కోళ్లు, పిల్లలు అందరూ ఎక్కుతారు. దీన్నే సుగ్గికి పోవడం అంటాం. ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు కొందరు మిగులుతారు. ఆ పిల్లల కోసమే సీజనల్ హాస్టళ్లని పెట్టారు. అవి నడిచిన చోట చదువు ఆగలేదు. లేని చోట పిల్ల మిర్చి చేలోకి పోతుంది, తిరిగొచ్చాక బడికి పోవడానికి సిగ్గుపడుతుంది.

ఇంత వలస ఉన్న చోట నిరుద్యోగం ఎంత ఉందనుకుంటారు? డిగ్రీ చదివే మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. కేంద్రం చేసే కార్మిక సర్వేలో 2023-24కి దేశంలోని గ్రామాల్లో నిరుద్యోగం 2.5 శాతమే. అది తప్పు లెక్క అని నేను అనను. ఏడాదిలో ఎక్కువ కాలం ఏదో ఒక పని చేసినవాళ్లని, అది లేకపోయినా మొత్తం మీద 30 రోజులైనా పని చేసినవాళ్లని ఆ పద్ధతిలో పని ఉన్నవాళ్లుగానే రాస్తారు. ఆ లెక్కన మా ఊళ్లో ఖాళీగా ఉన్న మనిషే కనపడడు. పత్తి తీసింది, కలుపు తీసింది, గుంటూరులో మిర్చి కోసింది, ఇంకేం కావాలి? మాకు పని లేని మాట ఏడాది మొత్తం మీద కనపడదు. ఫిబ్రవరిలో, మార్చిలో, సొంత ఊళ్లో పని ఉందా అని అడిగితేనే కనపడుతుంది.

ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చిందే ఉపాధి హామీ. 2005లో చట్టం చేశారు. 2006 ఫిబ్రవరి 2న మా పక్క జిల్లా అనంతపురంలో, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టారు. మా జిల్లాకు ఆ తర్వాత వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఇంటికి ఏడాదికి 100 రోజులు. కరువు ప్రకటించిన చోట ఇంకో 50 రోజులు అదనంగా ఇచ్చే వీలుంది.

ఇక పని ఎలా ఉంటుందో చెబుతాను. ఎండాకాలంలో మాకు ఎక్కువగా వచ్చేవి కందకాలు, పంట కుంటలు, చెరువు పూడిక. ఆరు గంటలకల్లా పనిలో ఉంటాం. ఏప్రిల్‌లో మా ఎర్ర నేల గడ్డపార వేస్తే ఖంగుమంటుంది. అందుకని మా గ్రూపువాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఈ రోజు తవ్వే చోటు పక్కనే రేపటి గీత గీసి, ఇంటికి పోయే ముందు మిగిలిన తాగునీళ్లన్నీ దాని మీద పోసి పోతారు. తెల్లారేసరికి పైపొర కొంచెం మెత్తబడి ఉంటుంది. మగవాళ్లు తవ్వుతారు, మేము తట్టలతో ఎత్తి గట్టు మీద పోస్తాం. గట్టుకు, గుంతకు మధ్య అడుగు జాగా వదలాలి. లేకపోతే మొదటి వానకే మట్టంతా మళ్లీ గుంతలోకి జారుతుంది. ఈ సంగతి పుస్తకం చెప్పలేదు, మా గ్రూపులో ఒక పెద్దమ్మ చెప్పింది. ఆమె మాట విన్న చోట కట్టిన కుంటలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వాన పడ్డాక ఆ కుంటలో వారం పది రోజులు నీళ్లు నిలిస్తే, పక్క చేను కందికి ఒక తడి అందుతుంది. మెట్ట రైతుకు ఒక తడి అంటే పంట దక్కడమే. అందుకే పనికి నా మార్కులు ఎక్కువ.

ఆడామగా తేడా లేని కూలి మాకు అలవాటైంది ఈ పనితోనే. పొలం పనిలో ఇప్పటికీ మగవాళ్లకు ఒక రేటు, మాకు ఒక రేటు. ఉపాధి పనిలో గ్రూపు ఎంత తవ్వితే అంత, తలా సమానం. దీని వల్ల పత్తి తీతకు, కలుపుకు పిలిచే రైతులు కూడా రేటు పెంచక తప్పలేదు. కొందరికి దాని మీద కోపం ఉంది. నాకు మాత్రం అది ఈ పథకం చేసిన పెద్ద మేలు అనిపిస్తుంది.

కూలి సంగతి. మన రాష్ట్రంలో 2024-25లో రోజుకు 300, 2025-26లో 307 రూపాయలు. అది గరిష్ఠం. కొలతలో తక్కువ వస్తే తక్కువే పడుతుంది. వెనకటికి ఎండాకాలం అలవెన్స్ ఉండేది, ఎండ ముదిరిన నెలల్లో తక్కువ తవ్వినా పూర్తి కూలి పడేది. అది మళ్లీ రావాలని నేను ప్రతి గ్రామసభలోనూ అడుగుతాను. గట్టి నేలకు, మెత్తటి నేలకు కొలతలో తేడా ఉండటం మంచిదే. ఏ నేల ఏ లెక్కలోకి వస్తుందో పని మొదలు కాకముందే మాకు చెబితే గొడవ ఉండదు.

గుంటూరుతో పోల్చి చూద్దాం. మిర్చి కోతలో కిలో లెక్కన ఇస్తారు. చెయ్యి ఆడినవాళ్లు, మొగుడూ పెళ్లాం కలిసి పోయినవాళ్లు ఉపాధి కూలి కంటే చాలా ఎక్కువే తెస్తారు. కానీ ఆ డబ్బు కోసం వాళ్లు పడేది నేను చూశాను. చేను గట్టున టార్పాలిన్ గుడారం, కాలువ నీళ్లు, కాయ ఘాటుకు రాత్రంతా చేతులు మంట. మా పక్కింటి వదిన కొబ్బరినూనె పూసుకుని, చేతులు తడి గుడ్డలో చుట్టుకుని పడుకునేదట. అక్కడ కూడా పని ఖాయం అని లేదు. 2025 మొదట్లో మిర్చి ధర బాగా పడిపోయింది, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల రేటుతో మార్కెట్ జోక్యం, అంటే ధర పడినప్పుడు రైతును ఆదుకునే పథకం, ప్రకటించాల్సి వచ్చింది. రైతుకే గిట్టనప్పుడు ఆఖరి కోతలు కోయించడు. అక్కడి చేను ధర పడితే ఇక్కడి మా ఇంటి పొయ్యికి తగులుతుంది.

అయినా జనం ఎందుకు పోతారు? "ఇక్కడ చేసిన పనికి డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పు, ఉండిపోతాను" అని వదిన నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గుంటూరులో రైతు బయలుదేరే ముందే అడ్వాన్స్ ఇస్తాడు, వారం వారం లెక్క తేలుస్తాడు. ఇక్కడ వారం మస్టర్ (హాజరు పట్టీ) ముగిశాక కొలతలు తీయాలి, కంప్యూటర్‌లో ఎక్కాలి, పైనుంచి డబ్బు విడుదల కావాలి, ఆధార్‌కు కలిసిన ఖాతాలో పడాలి. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ద్వారానే చెల్లింపు. ఇందులో ఏ ఒక్క చోట ఆగినా నెలలు గడుస్తాయి. మాకు ఎండాకాలం చేసిన పనికి విత్తనాలు వేశాక డబ్బు పడిన ఏడు కూడా ఉంది.

చట్టం ప్రకారం 15 రోజుల్లో ఇవ్వాలి. దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం. కాగితం మీద బాగుంటుంది, లెక్క వేసి చూడండి. ఆరు రోజులకు 300 చొప్పున 1,800 రూపాయలు. గడువు దాటి ఇంకో నెల ఆలస్యమైతే పరిహారం 27 రూపాయలు. ఆ నెల ఇల్లు గడవడానికి అదే 1,800 నేను ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే, నేను కట్టేది 54. పరిహారం వచ్చినా సగం నష్టం నాదే. ఇది అర్థమైన మనిషి బండి ఎక్కకుండా ఎలా ఉంటుంది?

డబ్బు పడ్డాక కూడా ఒక మెట్టు ఉంది. బ్యాంకు మా ఊళ్లో లేదు, బ్యాంకు మిత్ర చిన్న మిషన్ పట్టుకుని వస్తాడు. మట్టి పని చేసిన వేళ్లకు గీతలు అరిగిపోయి వేలిముద్ర పడదు. పెద్దవాళ్లను వేళ్లు కడుక్కుని, కొంచెం నూనె రాసుకుని, మళ్లీ తుడుచుకుని పెట్టమంటాను. ఒక వేలు పడకపోతే ఇంకో వేలు. అలా పది వేళ్లూ పెట్టి ఉత్త చేతులతో ఇంటికి పోయిన ముసలమ్మను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆమె సొంత కూలి డబ్బు అది.

యాప్ గురించి మేట్‌గా ఒక మాట. 2023 జనవరి నుంచి, ఒక్కొక్కరి సొంత పొలంలో చేసే పనులు తప్ప, మిగతా అన్ని పని చోట్లా ఫోన్‌లో హాజరు తప్పనిసరి. పొద్దున ఒక ఫోటో, నాలుగు గంటలు గడిచాక రెండోది. దొంగ హాజర్లు ఆపాలన్న ఉద్దేశం నాకు నచ్చింది, రాని మనిషి పేరు రాయమని నా మీద ఒత్తిడి తగ్గింది కూడా. కష్టం ఎక్కడంటే, కొండ వారగా పని ఉంటే సిగ్నల్ ఉండదు. ముందే కొలత పూర్తి చేసుకున్న గ్రూపు కూడా రెండో ఫోటో కోసం ఎండలో కాచుకోవాలి. చంటిబిడ్డ తల్లికి అది నరకం. చిన్నపిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని, నీడ, నీళ్లు, మందుల పెట్టె ఉండాలని చట్టంలోనే రాశారు. నీళ్లు మేమే తెచ్చుకుంటాం. నీడకు వేపచెట్టు ఉంటే ఉన్నట్టు. ఫోటో లేకపోతే కూలి లేదన్నంత గట్టిగా నీడ సంగతి కూడా చూస్తే బాగుండు.

ఇప్పుడు కొత్త సంగతి. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. 100 రోజులు 125 అయ్యాయి, అది సంతోషం. ఖర్చులో రాష్ట్రం వాటా 40 శాతానికి పెరిగింది, దాని మీద నాకు భయం ఉంది. మునుపు మా కూలి డబ్బు మొత్తం కేంద్రానిదే. ఇద్దరు కలిసి ఇవ్వాల్సి వస్తే ఆలస్యం ఇంకా పెరుగుతుందేమో. ఇంకొకటి, విత్తనం, కోతల కాలంలో మొత్తం 60 రోజుల దాకా పని ఆపవచ్చట. రైతుకు కూలీలు దొరకాలి, నిజమే, మేమూ రైతులమే. కానీ మా దగ్గర వాన క్యాలెండర్ చూసుకుని రాదు. 2023 ఆగస్టులో చుక్క పడలేదు, ఆ ఏడు మా జిల్లాలో చాలా మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. చేలో కలుపు పని లేదు, ఎండిన పత్తి మొక్కలు తప్ప. అలాంటి నెలలో "ఇది వ్యవసాయ సీజన్, పని ఆపాం" అంటే మేం ఎక్కడికి పోవాలి? ఆపే తేదీలు మండలానికి మండలం విడిగా, ఆ ఏటి వాన చూసి పెట్టాలి. మంత్రాలయానికి, నంద్యాలకు ఒకే సీజన్ కాదు.

కొత్తగా పనికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇది. పని కావాలని నోటిమాటగా అడగకండి, కాగితం మీద రాసి ఇచ్చి తేదీ వేసిన రసీదు తీసుకోండి. 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి మీ హక్కు. పాత చట్టంలో మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం. రసీదు లేకపోతే మీరు అడిగినట్టే లేదు. ఆ కాగితాన్ని సంక్రాంతి ముందే ఇవ్వండి, గుంటూరుకు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ అడ్వాన్స్ పట్టుకుని ఇంటికి రాకముందే. సామాజిక తనిఖీవాళ్లు, అంటే ఊళ్లో ఉపాధి పని లెక్కలు సరిచూసేవాళ్లు, వచ్చినప్పుడు మొహమాటపడకుండా మీ రోజులు, మీకు పడిన డబ్బు చెప్పండి. వాళ్లు జాబ్ కార్డు అడుగుతారు, దాన్ని ఎవరి దగ్గరా వదిలిపెట్టకండి, ఇంట్లోనే ఉంచుకోండి.

పనికి నాలుగు స్టార్లు, చెల్లింపుకు ఒకటి. ఫిబ్రవరి నుంచి మే దాకా వారం వారం డబ్బు పడితే రెండోదాన్ని కూడా నాలుగు చేస్తాను, మా వీధిలో సగం మందిని ఊళ్లోనే ఉంచే పూచీ నాది.