2ఎన్3055 కొనేవారికి హెచ్చరిక: డబ్బా పెద్దది, లోపలి చిప్పు చిన్నది

ఆన్‌లైన్‌లో ఒక విక్రేత నుంచి తెప్పించిన 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్లు (ఎక్కువ కరెంటును అదుపు చేసే భాగాలు) నకిలీవని తేలాయి. పవర్ సప్లై సొంతంగా కట్టుకునేవారు ఎక్కువగా వెతికే భాగం ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

డేటాషీట్ (తయారీ సంస్థ ఇచ్చే వివరాల పత్రం) ప్రకారం దీని పరిమితులు 60 వోల్టులు, 15 ఆంపియర్లు, 115 వాట్లు. ఆ 115 వాట్లు కూడా కేస్, అంటే పై లోహపు డబ్బా, 25 డిగ్రీల దగ్గర ఉన్నంతవరకే. ఆపైన డిగ్రీకి సుమారు 0.66 వాట్ల చొప్పున తగ్గుతాయి. అంటే అసలు సరుకు విషయంలోనూ అది చాలావరకు కాగితం మీది గొప్పే! నా సర్క్యూట్ అంత అడగలేదు. లోపలికి 24 వోల్టులు, బయటికి 12, కరెంటు 3 ఆంపియర్లు. మిగిలిన 12 వోల్టులను 3 ఆంపియర్లతో గుణిస్తే ట్రాన్సిస్టర్ వేడిగా మోయాల్సింది 36 వాట్లు. పెద్ద హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) ఉంటే అసలైనది దీన్ని సులభంగా మోస్తుంది.

ఈ నకిలీది కాసేపటికే పోయింది. విచిత్రం ఏమిటంటే, హీట్ సింక్ అప్పటికి గోరువెచ్చగానే ఉంది. చిన్న చిప్పులో పుట్టిన వేడి బయటికి వచ్చేలోపే చిప్పు మాడిపోయింది. ట్రాన్సిస్టర్ మూడు కొసల్లో (బేస్, కలెక్టర్, ఎమిటర్) కలెక్టర్, ఎమిటర్ షార్ట్ అయ్యి 24 వోల్టులూ నేరుగా అవుట్‌పుట్‌కు వచ్చాయి. అక్కడ వట్టి రెసిస్టర్ ఉంది కాబట్టి సరిపోయింది. రేడియో ఉంటే అదీ కాలిపోయేది.

పై మూత కోసి చూస్తే అంత వెడల్పు లోహపు పళ్లెం మధ్యలో ఆవగింజంత చిప్పు! (మీరూ కోసి చూడాలనుకుంటే ఇలాంటి మామూలు రకాలనే కోయండి. రేడియో ఫ్రీక్వెన్సీ పవర్ ట్రాన్సిస్టర్లలో కొన్నిటిలో విషపూరితమైన బెరిలియం ఆక్సైడ్ ఉంటుంది. వాటి జోలికి పోవద్దు.)

"మల్టీమీటర్‌లో బాగానే చూపిస్తోంది కదా" అన్నది విక్రేత జవాబు. ఎందుకు చూపించదు? మీటర్ పంపేది అతి స్వల్పమైన కరెంటు, దానికి ఏ చిన్న ట్రాన్సిస్టరైనా తట్టుకుంటుంది. కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవ ఉంచే సామర్థ్యం) కొలిచే మీటర్ ఉంటే బేస్, కలెక్టర్ మధ్య కొలిచి, నమ్మకమైన చోట కొన్న అదే కంపెనీ భాగంతో పోల్చండి. చిప్పు చిన్నదైతే అంకె బాగా తక్కువ వస్తుంది. అసలు పరీక్ష మాత్రం హీట్ సింక్‌కు బిగించి, 20 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు కొన్ని నిమిషాలు నడిపి చూడటమే.

ఆంప్లిఫయర్ల కోసం 2ఎస్‌సి5200, 2ఎస్ఏ1943 జతలు కొనేవారూ ఈ పరీక్షలు చేయండి, వాటికీ నకిలీలు ఎక్కువే. నేనిప్పుడు తయారీ సంస్థ గుర్తించిన పంపిణీదారుల దగ్గరే కొంటున్నాను. ఆ విక్రేత డబ్బు తిరిగి ఇవ్వలేదు. అదే ఫొటోతో అదే సరుకు ఇంకా అమ్మకంలోనే ఉంది.