నాలుగేళ్లు వాడిన ఎర్రలైటు బెల్టు: దమ్ముకు ఎంత పనికొచ్చింది, మెడనొప్పికి ఎంత

2021 మేలో నాకు కరోనా న్యుమోనియా వచ్చింది. ఊపిరితిత్తుల సీటీ స్కాన్ స్కోరు 25కి 13. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో 9 రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. ఇంటికొచ్చాక కూడా బాత్రూమ్ దాకా నడిస్తే దమ్ము (ఆయాసం) వచ్చేది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో గుమాస్తాను నేను. తేజ మిర్చి బస్తాలు విప్పితే మంచి మనిషికే దగ్గు ఆగదు. "ఆ ఘాటులో నువ్వేం కూర్చుంటవ్, రెండు నెలలు రాకు" అని మా సేటు ఫోన్‌లోనే తేల్చేశాడు. ఆ టెన్షన్‌లో ఉండగా మా బామ్మర్ది కరోనా న్యుమోనియాకు ఎర్రలైటు పనిచేస్తుందన్న వాట్సాప్ వీడియో ఒకటి చూసి ఈ ఎర్రలైటు బెల్టు తెప్పించాడు. పదకొండు వేలు.

చూడటానికి నడుము బెల్టులాగే ఉంటుంది. లోపలి వైపు వరుసగా ఎల్ఈడీలు. సగం 660 నానోమీటర్ల (వెలుగు తరంగం పొడవు కొలత) ఎర్ర వెలుగువి, సగం 850 ఇన్‌ఫ్రారెడ్‌వి. ఛాతీకి 20 నిమిషాలు, వీపుకు 20 నిమిషాలు పెట్టుకోమని చీటీలో రాసి ఉంది. మొదటి రాత్రి స్విచ్ వేస్తే సగం బల్బులు వెలగనే లేదు. బామ్మర్ది కస్టమర్ కేర్ పిల్లగాడిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. తెల్లారి మా వాడకట్టులో ఉండే ఫిజియోథెరపీ ఆయన వచ్చి, నవ్వి, ఫోన్ సెల్ఫీ కెమెరాను బెల్టు వైపు తిప్పాడు. వెలగడం లేదనుకున్నవన్నీ తెరమీద ఊదారంగులో మెరుస్తున్నాయి. 850 వెలుగు కంటికి కనపడదట. పాపం, ఆ పిల్లగాడికి సారీ చెప్పినవాళ్లు లేరు.

ఫిజియో సెంటర్లలో పెట్టే ఎర్ర బల్బు, ఇది ఒకటి కాదని కూడా ఆయనే చెప్పాడు. అది కాపడం, వేడితో పని. ఇది వేడి కోసం కాదు, వెలుగు కోసమే పెట్టుకోవాలి. మన కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ వెలుగును పీల్చుకుంటుందనీ, దాంతో వాపు తగ్గే దారి పడుతుందనీ చాలామంది చెప్పే లెక్క. 1967లో హంగరీ డాక్టర్ ఎండ్రే మెస్టర్, గొరిగిన ఎలుకల మీద లేజర్ వేస్తే వెంట్రుకలు తొందరగా మొలవడం చూశాడు. ఈ వైద్యానికి మొదలు అక్కడే.

ఇక వీడియోలో ఊదరగొట్టిన సంగతి. 2020లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో కరోనా న్యుమోనియాతో ఉన్న 57 ఏళ్ల మనిషికి రోజుకు 28 నిమిషాల చొప్పున 4 రోజులు లైటు పెట్టారు, కోలుకున్నాడు. ఇంతవరకు నిజమే. కానీ అది 808, 905 నానోమీటర్ల లేజర్ యంత్రం, నా బెల్టులాంటిది కాదు. ఆయన ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉండగానే అదనంగా పెట్టిన లైటు. తర్వాత 10 మందితో చిన్న పరీక్ష చేశారు, అందులో 5 గురికే లైటు. మా మార్కెట్ భాషలో చెప్పాలంటే ఒక్క బస్తాకు బొక్క కొట్టి చూసి లారీ మొత్తానికి ధర కట్టినట్టు. అదే నాకు ఆస్పత్రిలో ఇచ్చిన స్టెరాయిడ్ మందు డెక్సామెథసోన్‌ను బ్రిటన్‌లో 6,000 మందికి పైగా రోగులతో పరీక్షించి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో చావులు తగ్గాయని తేల్చారు.

నా మటుకు నేను కూడా లెక్క రాశాను, గుమాస్తా బుద్ధి పోదు కదా. పాత చిట్టా పుస్తకంలో బెల్టు పెట్టకముందు సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), తీసాక సాచురేషన్. 94, 94. 95, 94. 95, 95. ఒక్క పాయింటుకు మించి ఏ రోజూ తేడా లేదు. రెండు నెలల్లో మెల్లగా 97కు వచ్చింది, నిజమే. కానీ అదే రెండు నెలలు ఊపిరితిత్తుల కసరత్తుకిచ్చే మూడు బాల్స్ పరికరం ఊదడం, సారీ, పీల్చడం, పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడవడం కూడా చేశాను. అసలు విషయం బయటపడింది అడాప్టర్ కాలిపోయినప్పుడు. బెల్టు మూడు వారాలు మూలన పడింది. రెండో అంతస్తుకు మొదటిసారి ఎక్కడా ఆగకుండా ఎక్కింది సరిగ్గా ఆ మూడు వారాల్లోనే.

ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టండి, వేలంతా ఎర్రగా వెలుగుతుంది. అదే టార్చ్‌ను దండ కండకు ఆనించండి, అటువైపు చీకటే. ఊపిరితిత్తులు తోలు, కొవ్వు, కండ, పక్కటెముకలు దాటాక ఉంటాయి. ఇంత చిన్న బెల్టు వెలుగు అక్కడిదాకా ఎంత పోతుందో మీరే చూసుకోండి.

మెడ సంగతి వేరు. రోజంతా వంగి తక్‌పట్టీలు (సరుకు తూకం, ధర లెక్క చీటీలు) రాసే మెడ నాది. రాత్రి పదిహేను నిమిషాలు పెడితే నొప్పి దిగుతుంది, అందుకే ఇన్నేళ్లు వాడుతున్నాను. లైటుతో దిగుతుందో, పదిహేను నిమిషాలు ఫోన్ లేకుండా కూర్చున్నందుకు దిగుతుందో, దిగడం మాత్రం దిగుతుంది. మా ఇంటామె మోకాళ్లకు పది రోజులు పెట్టుకుని "దీనికన్నా ఉప్పు కాపడం నయం" అని పక్కన పడేసింది.

వస్తువుగా చూస్తే నాసిరకమే. వెల్క్రో రెండో ఏడే ఊడింది, టైలర్‌తో కుట్టించాను. వారంటీ ఏడాది, అడాప్టర్‌కు వర్తించదన్నారు. ఇప్పుడు రెండు వరుసలు వెలగవు (ఈసారి కెమెరాతో చూసే చెబుతున్నాను). వైరు పొట్టిది. మన ఎండాకాలంలో ఛాతీకి చుట్టుకుంటే చెమటకు దద్దుర్లు వస్తాయి. కళ్లద్దాలు లేకుండా దగ్గరగా చూసి ఒకసారి సాయంత్రమంతా తలనొప్పితో పడుకున్నాను.

ఒకటి మాత్రం ఆలస్యంగా వెలిగింది నాకు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా ఎర్ర వెలుగు, ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతోనే పనిచేస్తుంది. నాకు కరోనా వచ్చినప్పుడు ఒక రాత్రి అది 88 చూపిస్తేనే ఆస్పత్రికి పోయాం. దాని ధర పన్నెండు వందలు.

పోయిన చలికాలం పక్కింటి తమ్ముడు "అన్నా, అవ్వకు నాలుగు రోజుల నుంచి జ్వరం, దగ్గు, దమ్ము. నీ లైటు బెల్టు ఇస్తవా" అని వచ్చాడు. బెల్టు తర్వాత, ముందు ఇది పెట్టి చూడు అని ఆక్సీమీటర్ చేతిలో పెట్టాను. 89. ఆటో మాట్లాడి ప్రభుత్వ ఆస్పత్రి ఎంజీఎం‌కు పంపించాం. వారం తర్వాత నడుచుకుంటూ ఇంటికొచ్చింది అవ్వ. బెల్టు మళ్లీ అడగలేదు వాళ్లు. ఆక్సీమీటర్ మాత్రం ఇంకా తిరిగి ఇవ్వలేదు.