లాస్ పాల్మాస్ రేవులో 17 రోజులు, 190 యూరోల తనిఖీ

తెరచాప పడవలో అట్లాంటిక్ దాటదలచినవారికి కానరీ ద్వీపాలలోని లాస్ పాల్మాస్ రేవు గురించి చెప్పవలసిన మంచి మాటలు నా దగ్గర చాలానే ఉన్నాయి. కాని 190 యూరోలు పుచ్చుకొని మా మాస్టును, అంటే తెరచాపను మోసే స్తంభాన్ని, తనిఖీ చేసిన పెద్దమనిషి సంగతి ముందు చెబితే తప్ప నా మనసు కుదుటపడదు.

పడవ మావారి చిన్ననాటి స్నేహితునిది. ఆయనను నేను అన్నయ్యగారనే పిలుస్తాను. 12 మీటర్ల పొడవు, ఒకే మాస్టు, మనుషులం ముగ్గురం. గమ్యం కరీబియన్‌లోని సెయింట్ లూసియా, అంటే సుమారు 2,700 నాటికల్ మైళ్ళు, మా వేగానికి మూడు వారాల పైమాటే. అదే గమ్యానికి నవంబరులో ఇక్కడి నుండి 'ఆర్క్' అనే పడవల బృందయాత్ర సాగుతుంది. 1986లో మొదలైన ఆ యాత్ర బయలుదేరేదాకా పడవలు కట్టుకునే మరీనాలో విడి పడవలకు చోటు దొరకడం గగనమే. అందుకని వారు వెళ్ళిపోయిన తరువాత, 2023 నవంబరు 27న మేము రేవులో అడుగుపెట్టాము. అట్లాంటిక్ తుపానుల కాలం లెక్క ప్రకారం నవంబరు 30తో ముగుస్తుంది, ఈశాన్య వ్యాపార పవనాలు కూడా సాధారణంగా డిసెంబరులోనే నిలకడగా వీస్తాయి కనుక ఈ ఆలస్యం వల్ల నష్టమేమీ లేదు. పడవ కట్టుకున్నందుకు 17 రోజులకు 391 యూరోలు చెల్లించాము. అంత డబ్బుకూ నీళ్ళు, కరెంటు, శుభ్రమైన స్నానాల గదులు దక్కాయి.

ఇక మాస్టు సంగతి. దానిని నిలబెట్టేవి చుట్టూ బిగించి ఉన్న ఉక్కు తీగలు. మావి 8 మిల్లీమీటర్ల మందం, ఒక్కొక్కదానిలో 19 పోగులు, వయసు 11 ఏళ్ళు. వాటిని పది పన్నెండేళ్ళకొకసారి మార్చడం పడవలవారిలో ఆనవాయితీ కాబట్టి, మార్చాలో వద్దో తెలిసినవారి చేత చూపించుకుందామని అన్నయ్యగారే అన్నారు. చెప్పిన వేళకు రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన ఆ పెద్దమనిషి ఉయ్యాల బల్లలో కూర్చుంటే, ఆయనను తాడుతో పైకి లాగే భారం మావారి మీద పడింది. మరునాటికి భుజాలు పట్టేశాయి. ఆయన మాత్రం పైన 20 నిమిషాలు గడిపి, ఫోనుతో నాలుగు ఫొటోలు తీసి, కిందకు దిగి, "ప్రయాణానికి యోగ్యం" అని ఒక కాగితం రాసిచ్చి వెళ్ళిపోయారు. అన్నయ్యగారు ఆ కాగితాన్ని దేవుడి పటంలాగా చార్టుల బల్ల పైన అతికించుకున్నారు.

నాలుగు రోజుల తరువాత పక్క పడవలోని పెద్దావిడ మమ్మల్ని పలకరించడానికి వచ్చారు. డెబ్భై ఏళ్ళు ఉంటాయి, ఈ సముద్రాన్ని అప్పటికే మూడుసార్లు దాటిన మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూనే జేబులో నుండి ఒక టిష్యూ కాగితం తీసి, ఒక్కొక్క తీగనూ పై నుండి కిందకు తుడుచుకుంటూ వచ్చారు. ఎడమవైపు తీగ దగ్గర, డెక్కుకు జానెడు ఎత్తులో, పట్టుచీర కొంగు మేకుకు తగులుకున్నట్టు కాగితం చిరిగి, తెల్లటి పీచు ఒకటి అక్కడే నిలిచిపోయింది. టార్చి వేసి చూస్తే, తీగ ఉక్కు గొట్టంలోకి దిగే చోట ఒక పోగు తెగి, దాని మొన ఆవగింజంత పైకి లేచి ఉంది. గొట్టం అంచున గోధుమరంగు తుప్పు సన్నని గీతలా కనబడింది. వాన నీరు, ఉప్పు తుంపరలు తీగ వెంట జారి అడుగు గొట్టంలోనే నిలుస్తాయి కనుక చెడు సాధారణంగా కింద నుండే మొదలవుతుందని ఆమె చెప్పారు. మా తనిఖీదారు ఆకాశం దాకా ఎక్కారు గాని, నడుం వంచి డెక్కు వైపు చూడలేదు.

ఫోను చేస్తే ఆయన ఇచ్చిన జవాబు ఇప్పటికీ నా చెవులలో మోగుతూనే ఉంది: "పంతొమ్మిదిలో ఒకటే కదా తెగింది, ఇంకా పద్దెనిమిది ఉన్నాయి." డబ్బు తిరిగి ఇవ్వరట, తీగలన్నీ తన దగ్గరే మార్పించుకుంటే పది శాతం తగ్గిస్తారట. ఎన్నడూ గొంతు పెంచని మావారు ఆ పూట ఫోను బల్ల మీద గిరాటు వేశారు. రాత్రి అన్నయ్యగారు కంచం ముందు కూర్చొని ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు. తరువాత దానిని చింపకుండా, మడిచి లాగ్‌బుక్కులో పెట్టుకున్నారు.

పెద్దావిడ చెప్పిన రెండవ పనివాడు వేరే మనిషి. మాటకు ముందే మోకాళ్ళ మీద కూర్చుని అడుగు గొట్టాలు చూశాడు. తెగినదానితో పాటు కుడివైపు జత తీగను కూడా మార్చి తీరాలని పట్టుబట్టి, రెండింటికీ కలిపి 430 యూరోలు తీసుకున్నాడు. లోపలి తీగను విప్పి చూసుకోగల బిగింపులు అమర్చాడు. పాత గొట్టాన్ని కోసి లోపలి తుప్పును మా చేతిలో పెట్టాడు. వెళ్ళబోతూ, అడగకుండానే వెనుక అర తెరిపించి, చుక్కాని కింది నట్టు ఒకటి వదులైందని చూపించి బిగించాడు. దానికి పైసా తీసుకోలేదు.

చుక్కాని మాటకు ఈ ద్వీపంలో ప్రత్యేక స్థానం ఉంది. 1492లో కొలంబస్ పడవలలో ఒకటైన పింటా చుక్కాని దెబ్బతింటే, బాగు చేయించింది ఈ గ్రాన్ కనారియాలోనే. మన సంగతికి వస్తే, 2017లో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 'తారిణి' మీద భూప్రదక్షిణకు బయలుదేరారు. వారిలో మన తెలుగు అమ్మాయిలు స్వాతి, ఐశ్వర్య కూడా ఉన్నారు. ఆ పడవ సైతం ఆఖరి అంకంలో చుక్కాని యంత్రాంగం చెడి మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగవలసి వచ్చింది. నౌకాదళం పడవకే తప్పనిది మాకు తప్పుతుందా అని మావారు అన్నప్పుడు, అన్నయ్యగారు ఆ నట్టును లేచి వెళ్ళి మళ్ళీ చూసి వచ్చారు.

మిగిలిన పనులు సాఫీగానే సాగాయి. ఆపదలో ఎక్కే గాలి తెప్ప, అదే లైఫ్‌రాఫ్ట్, పరీక్షకు 560 యూరోలు అయ్యాయి. మా కళ్ళ ముందే గాలి నింపి చూపించారు, కాబట్టి ఆ డబ్బుకు చింత లేదు. షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరిగే ఐరోపా దేశాల కూటమి, నుండి బయటకు వెళుతున్నట్టు పాస్‌పోర్టులలో ముద్ర వేయించుకోవడానికి రేవు పోలీసుల దగ్గర 40 నిమిషాలు పట్టింది, అదీ మర్యాదగానే. తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున 24 రోజులకు 216 లీటర్లు కావాలి; ట్యాంకును నమ్ముకోకుండా అయిదు లీటర్ల డబ్బాలు 44 కొన్నాము. గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టనివే కొనండి, అట్టపెట్టెలను మాత్రం రేవులోనే వదిలేయండి. ముడతలలో బొద్దింకల గుడ్లు ఉంటే సముద్రం మధ్యలో అవి పొదగబడతాయి. అరటిగెల వద్దని నేను మొత్తుకున్నా మావారు కొన్నారు. అయిదవ రోజుకు గెల మొత్తం ఒకేసారి పండి, మూడు పూటలూ అరటిపళ్ళే మా ఆహారమయ్యాయి.

డిసెంబరు 14 ఉదయం తాళ్ళు విప్పే ముందు, అన్నయ్యగారు తానే టిష్యూ కాగితం పట్టుకొని, మోకాళ్ళ మీద వంగి, ఒక్కొక్క తీగ మొదలూ తుడుచుకుంటూ పడవ చుట్టూ తిరిగారు. పక్క పడవ మీద కాఫీ తాగుతూ చూస్తున్న పెద్దావిడ కప్పు దించి, వెనుక తీగను వదిలేశారని కేక వేశారు.