ఇల్లు మారుతున్నారా, మొక్కలకి ఈ నర్సరీ బండి మాట్లాడుకోండి

నేను ఇక్కడ మొక్కలు కొన్నదాని గురించి రాయట్లేదు, వీళ్ళ బండిలో ఇంట్లో మొక్కలన్నీ షిఫ్ట్ చేయించుకున్నా, దాని గురించి. హైదరాబాద్ లోనే వనస్థలిపురం నుంచి తెల్లాపూర్ కి మారాం, అదీ ఏప్రిల్ ఎండల్లో. సామాన్లకి మాట్లాడుకున్న ప్యాకర్స్ వాళ్ళేమో "మొక్కలకి ఇన్సూరెన్స్ రాదు మేడం, లాస్ట్ లో సామాన్ల మీద పెట్టేస్తాం" అన్నారు. 40 డిగ్రీల ఎండలో, మూసేసిన కంటైనర్ లో, బీరువాల మీద మొక్కలు పెడితే ఏం మిగుల్తాయండీ? అప్పుడు మా పిన్ని చెప్పింది, ఈ నర్సరీ వాళ్ళు డెలివరీకి తిప్పే టాటా ఏస్ ఇల్లు మారేవాళ్ళకి కూడా ఇస్తారు, మాలీ కూడా వస్తాడు అని.

బండి, మాలీ, హెల్పర్ కలిపి 3,500 తీసుకున్నారు. ఎక్కువ అనిపించొచ్చు, కానీ నా దగ్గరున్న వాటిలో సగం మా అమ్మ కొమ్మలు తుంచి ఇచ్చినవి, అవి ఏ నర్సరీలో కొంటాం చెప్పండి.

మాలీ పెద్దాయన ముందే ఫోన్ చేసి "మేడం, రెండ్రోజుల ముందే నీళ్ళు పొయ్యుండ్రి, షిఫ్టింగ్ నాడు మాత్రం పొయ్యకుండ్రి, కుండి బరువైతది, మట్టి జారుతది" అని చెప్పాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. వీళ్ళకి స్టాక్ తూర్పు గోదావరిలో నర్సరీలకి పేరున్న కడియం నుంచి వస్తుంది, రాత్రంతా లారీలో ప్రయాణం చేసొచ్చిన మొక్కల్ని దించీ దించీ చేయి తిరిగిన మనిషి ఆయన.

రబ్బర్ ప్లాంట్ నా కంటే ఎత్తు. దాని ఆకుల్ని కింద నుంచి ఒక్కొక్కటీ పైకి లేపుతూ పాత కాటన్ చీర చుట్టుకుంటూ వెళ్ళాడు, గొడుగు ముడిచినట్టు, పైన సుత్లీతో వదులుగా కట్టాడు. ఒక ఆకు కాడ విరిగి పాలు కారితే చిటికెడు పొడి మట్టి అద్ది ఆపేశాడు. కుండీల్లో మట్టి మీద తడి పేపర్ పరిచి అడ్డంగా తాడు కట్టాడు. సిమెంట్ కుండీలు క్యాబిన్ పక్కన, చిన్నవన్నీ టమాటా క్రేట్లలో, మధ్యమధ్యలో గోనె సంచులు, పైన గ్రీన్ నెట్. కిటికీ గ్రిల్ అంతా అల్లుకున్న మనీ ప్లాంట్ ని కోసేద్దాం అన్నాడు హెల్పర్, పెద్దాయన ఒప్పుకోలేదు, ఓపిగ్గా ముడులన్నీ విప్పి తీగని గుండ్రంగా చుట్టి తన ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు, నాకైతే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

డ్రైవర్ ఓఆర్ఆర్ (సిటీ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) మీద పోదాం తొందరగా అవుతుంది అంటే కూడా పెద్దాయనే వద్దన్నాడు, ఆ స్పీడ్ లో గాలికి నెట్ ఉన్నా ఆకులు చీలిపోతాయి, ఎండిపోతాయి అని. సిటీలోంచే మెల్లగా తీసుకెళ్ళారు. మా కొత్త కమ్యూనిటీలో సర్వీస్ లిఫ్ట్ వాళ్ళు చెప్పిన టైంకి గానీ ఇవ్వరు, అప్పటిదాకా బండి చెట్టు నీడన పెట్టి ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తూ ఉన్నారు. ఇది ఎవరు చేస్తారండీ.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, చెప్పిన టైం కంటే బాగా లేటుగా వచ్చారు, పైగా తర్వాత షాపు నుంచి ఫోన్ చేసి కొత్త సిరామిక్ కుండీలు, ఎరువు తీసుకోండి, వెంటనే మార్చేస్తాం అని ఒకటే పోరు. పెద్దాయనేమో వెళ్ళేటప్పుడు నెల రోజులు కుండీ మార్చొద్దు, ఎరువు వెయ్యొద్దు, చోటు మారినందుకే మొక్కకి కష్టంగా ఉంటుంది అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఆయన మాటే విన్నా. మా బాల్కనీ పడమటి వైపు, మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది, అందుకని అన్నీ లోపల వెలుతురు ఉన్నచోట పెట్టించాడు. ఫైకస్ బెంజమినా ఒకటి బోలెడు ఆకులు రాల్చేసింది, అది చోటు మారితే అంతే, కొమ్మని గోటితో కొద్దిగా గీకి చూస్తే లోపల పచ్చగా ఉంది, ఇప్పుడు చిన్న చిగుర్లు కూడా వేస్తోంది. పీస్ లిల్లీ, జీజీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ కి అసలేం కాలేదు.

ఆదివారం మాత్రం బండి అడగొద్దు, షాపులో గిరాకీ ఎక్కువ, దొరకదు. మామూలు రోజుల్లో పొద్దున్నే పెట్టుకోండి, పెద్దాయన వస్తాడా లేదా కనుక్కుని మరీ బుక్ చెయ్యండి.