కుర్రాళ్లను అట్టిపెట్టుకోవాలా, ఇచ్చి పిచ్చర్‌ని తెచ్చుకోవాలా?

అమెరికా బేస్‌బాల్‌లో 2023 నాటి నార్ఫోక్ టైడ్స్ జట్టును చూసినవాళ్లెవరికీ అది మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) జట్టులా అనిపించి ఉండదు. వర్జీనియాలోని ఈ ట్రిపుల్-ఏ (మైనర్ లీగ్‌లో అన్నిటికంటే పై స్థాయి) జట్టు మేజర్ లీగ్‌లో ఆడే బాల్టిమోర్ ఓరియోల్స్‌కి సరిగ్గా ఒక్క మెట్టు కింద ఉంటుంది. జాక్సన్ హాలిడే, జోయీ ఓర్టిజ్, కోబీ మేయో, కానర్ నార్బీ, కైల్ స్టవర్స్, ఇలా రేపో మాపో పైకి రావాల్సిన బ్యాటర్లంతా అక్కడే ఉన్నారు. ఆ ఏడాది ట్రిపుల్-ఏ టైటిల్ వాళ్లదే. 2018లో 115 మ్యాచ్‌లు ఓడిన ఓరియోల్స్ కూడా ఆ ఏడాది 101 గెలిచారు.

అంతా బాగానే ఉంది. కానీ ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌ల దగ్గర కాపలా కాసేచోట) ఉండేవి నాలుగు స్థానాలే కదా! అందరికీ చోటు లేనప్పుడు మిగిలినవాళ్లను అట్టిపెట్టుకోవాలా, వేరే జట్టుకి ఇచ్చి పిచ్చర్‌ని (బంతి విసిరేవాణ్ణి) తెచ్చుకోవాలా?

అట్టిపెట్టుకోవడంలో లాభం డబ్బు. పైకి వచ్చిన కుర్రాడు దాదాపు ఆరేళ్లు ఆ జట్టు చేతిలోనే ఉంటాడు, మొదటి మూడేళ్లూ జీతం తక్కువే. గనర్ హెండర్సన్ అలా వచ్చి 2023లో రూకీ (కొత్త ఆటగాడి) అవార్డు కొట్టాడు. అయితే అందరూ హెండర్సన్‌లు కారు. అందరికంటే ఎక్కువ పేరున్న హాలిడే 2024 ఏప్రిల్‌లో పైకి వచ్చి, 34 సార్లు బ్యాట్ పట్టి రెండే హిట్లు కొట్టి, మళ్లీ నార్ఫోక్ వెళ్లాడు. పైగా కింది జట్టులో కూర్చోబెట్టడానికీ గడువుంది. నాలుగైదేళ్లలో మేజర్ లీగ్ జట్టు 40 మంది జాబితాలోకి ఎక్కించకపోతే వేరే జట్టు తీసుకుపోవచ్చు. ఎక్కించాక కిందికీ పైకీ తిప్పడానికి మామూలుగా మూడు సీజన్లే. రెండేళ్లు ట్రిపుల్-ఏలోనే ఉంటే బయటివాళ్లకు అనుమానం మొదలై ధర పడిపోతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు, కొనేవాడికి కాదు.

ఇక రెండో దారి, ఇచ్చి తెచ్చుకోవడం. దీనికి నాకు నచ్చిన ఉదాహరణ క్యాన్సస్ సిటీ రాయల్స్. 2012 డిసెంబర్‌లో వాళ్లు విల్ మైయర్స్‌తో పాటు మరో ముగ్గురు కుర్రాళ్లను టంపా బేకి ఇచ్చి పిచ్చర్లు జేమ్స్ షీల్డ్స్, వేడ్ డేవిస్‌లను తెచ్చుకున్నారు. మరుసటి ఏడాదే మైయర్స్ రూకీ అవార్డు గెలిచాడు. ఆ వేళకి రాయల్స్ మోసపోయినట్టే కనిపించింది. కానీ 2014లో రాయల్స్ వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) దాకా వెళ్లారు, 2015లో గెలిచారు. ఆ చివరి ఔట్ తీసింది డేవిసే.

ఓరియోల్స్ కూడా 2024 ఫిబ్రవరిలో ఓర్టిజ్, డీఎల్ హాల్, ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే వంతు) ఇచ్చి పిచ్చర్ కార్బిన్ బర్న్స్‌ని తెచ్చారు. అతని కాంట్రాక్ట్‌లో మిగిలింది ఒక్క ఏడాదే. బాగానే ఆడాడు. ప్లేఆఫ్ మొదటి మ్యాచ్‌లో ఎనిమిది ఇన్నింగ్స్ దాటేదాకా ఒక్క రన్నే ఇచ్చాడు. అయినా 1-0తో ఓడిపోయారు, రెండోది 2-1. బ్యాటర్లు కుప్పలుగా ఉన్న జట్టు రెండు మ్యాచ్‌లలో కలిపి చేసింది ఒక్క పరుగు! ఆ డిసెంబర్‌లో బర్న్స్ 21 కోట్ల డాలర్లకు అరిజోనా వెళ్లిపోయాడు. 2025లో ఓరియోల్స్ గెలిచినవి 75.

స్టవర్స్, నార్బీలను మయామీకి ఇచ్చి పిచ్చర్ ట్రెవర్ రోజర్స్‌ని తెచ్చిన ట్రేడ్ ఇంకో రకం. 2024లో అతను తేలిపోయి నార్ఫోక్‌కి వెళ్లాడు, అభిమానులు తిట్టిపోశారు. 2025లో స్టవర్స్ ఆల్-స్టార్ అయ్యాడు, తిట్లు ఇంకా పెరగాలి. కానీ అదే ఏడాది రోజర్స్ 18 మ్యాచ్‌లలో 1.81 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు, తక్కువైతే మేలు) వేశాడు. 2026 దాకా జట్టు చేతిలో ఉండటం వల్లే అతనికి రెండో అవకాశం దొరికింది.

నన్నడిగితే ఇచ్చేయడమే మేలు, ఒక్క షరతు మీద. కుర్రాడి ఆరేళ్లకు బదులు ఒక్క సీజన్ పిచ్చర్‌ని తెచ్చుకోకూడదు, కనీసం రెండేళ్లయినా చేతిలో ఉండేవాణ్ణి అడగాలి. ఆ బేరానికి సరైన సమయం 2023 చలికాలం. అప్పటికి నార్ఫోక్ కుర్రాళ్లలో చాలామంది మీద మచ్చ పడలేదు.