ఐఈపీ ఉన్న పిల్లలకు హైస్కూల్: పబ్లిక్ బడి మేలా, క్యాథలిక్ బడి మేలా?

అక్టోబర్ వచ్చి క్యాథలిక్ హైస్కూళ్లు ఓపెన్ హౌస్‌లు పెట్టడం మొదలైందంటే చాలు, న్యూజెర్సీలోని మనవాళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "మావాడికి డిస్లెక్సియా అక్కా, ఐఈపీ ఉంది. పబ్లిక్ హైస్కూల్లో రెండు వేల మంది పిల్లలు, వీణ్ణి పట్టించుకునేదెవరు? సిస్టర్ల బడిలో వేస్తే దగ్గరుండి చూసుకుంటారు కదా?" డిస్లెక్సియా అంటే చదవడం, స్పెల్లింగ్ కష్టమయ్యే సమస్య. ఐఈపీ అంటే అలాంటి పిల్లల కోసం పబ్లిక్ బడి, అంటే ప్రభుత్వ బడి, రాసిచ్చే ప్రత్యేక విద్యా ప్రణాళిక. పోయినేడాది మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే తర్జనభర్జన నడిచింది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఇలా రాసి పెట్టడం నయం.

ముందు ఆ సిస్టర్ల సంగతి. గుంటూరులోనో సికింద్రాబాద్‌లోనో కాన్వెంట్‌లో చదివినవాళ్లకు క్యాథలిక్ బడి అంటే ఒక గురి. ఇక్కడ మాత్రం పాఠాలు చెప్పేవాళ్లు దాదాపు అందరూ మామూలు టీచర్లే. సిస్టరో ఫాదరో ఒకరిద్దరు కనబడితే ఎక్కువ. శ్రద్ధ ఉండదని కాదు గానీ, మన చిన్ననాటి కాన్వెంట్‌ని తలుచుకుని ఇక్కడ చెక్కు రాసేయకండి. ఫీజు చాలాచోట్ల ఏడాదికి 15 వేల డాలర్లు దాటిపోతోంది. లెర్నింగ్ సపోర్ట్ కావాలంటే దానికి విడిగా మరో ఫీజు పెట్టే బడులూ ఉన్నాయి.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. మనంతట మనం ప్రైవేటు బడిలో చేర్పిస్తే ఐఈపీ వెంట రాదు. ఐడీఈఏ (వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఉన్న ఫెడరల్ చట్టం) కింద పబ్లిక్ బడిలో మన పిల్లకు ఉన్న హక్కు అక్కడ ఉండదు. ఏదైనా సాయం ఇస్తే, దాని బదులు సర్వీసెస్ ప్లాన్ అని ఒకటి రాస్తారు. ప్రైవేటు బడుల పిల్లల కోసం స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు పబ్లిక్ బడుల్ని నడిపే సంస్థ) పక్కన పెట్టే సొమ్ములో ఎవరికి ఏమిస్తారో, ఎంతిస్తారో చివరికి తేల్చేది ఆ డిస్ట్రిక్టే. న్యూజెర్సీలో 1977 నాటి రాష్ట్ర చట్టాలైన 192, 193 చాప్టర్ల కింద అదనపు బోధన, స్పీచ్ థెరపీ లాంటివి కొంత దొరుకుతాయి. పరీక్షలు చేసి సమస్య ఏమిటో తేల్చడం మాత్రం ఉచితమే. క్యాథలిక్ బడి ఏ డిస్ట్రిక్ట్‌లో ఉంటే ఆ డిస్ట్రిక్ట్ చేయాలి, మీరుండే ఊరిది కాదు. ఇక ఏడీఏ అనే వికలాంగుల హక్కుల చట్టంలో ప్రైవేటు సంస్థలకు సంబంధించిన భాగం మతసంస్థలకు వర్తించదు. సెక్షన్ 504 (వైకల్యం ఉందని వివక్ష చూపకూడదనే ఫెడరల్ నిబంధన) ఫెడరల్ సొమ్ము తీసుకునే బడికే వర్తిస్తుంది, అక్కడ కూడా చిన్నపాటి సర్దుబాట్ల వరకే.

ఇదంతా విన్నాక చాలామంది "అయితే హక్కులున్నాయి కాబట్టి పబ్లిక్కే మేలు" అనేస్తారు. నా లెక్క వేరు. హక్కు కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: మీ పిల్లకు కావలసింది వెసులుబాటా, బోధనా?

వెసులుబాటు (అకామడేషన్) అంటే పరీక్షకు ఎక్కువ టైమ్, టీచర్ నోట్స్ కాపీ, ముందు వరసలో సీటు, ఆడియో పుస్తకం, ల్యాప్‌టాప్ మీద రాసే వీలు. చదవడం వచ్చేసింది, కాకపోతే నెమ్మది. లేదా ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) వల్ల పుస్తకాలు, హోంవర్క్, గడువులు అన్నీ కలగాపులగం. అలాంటి పిల్లకు మంచి క్యాథలిక్ హైస్కూల్ నిజంగా బాగుంటుంది. చిన్న బడి కాబట్టి ఆరుగురు టీచర్లూ పిల్లను పేరుతో గుర్తుపడతారు. మీరు ఈమెయిల్ పెడితే ప్రిన్సిపాలే జవాబిస్తారు. కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్షకి ఎక్స్‌ట్రా టైమ్ రాదేమోనన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. బడిలో రాతపూర్వకమైన ప్లాన్ ఉండి, పిల్ల దాన్ని వాడుతుంటే ప్రైవేటు బడి ప్లాన్‌ని కూడా ఆ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ ఒప్పుకుంటుంది.

అయితే ఓపెన్ హౌస్‌లో "మీరు అకామడేషన్లు ఇస్తారా?" అని అడగొద్దు. ఇస్తామనే అంటారు. ఇలా అడగండి: "ఇరవై నిమిషాల క్విజ్, మా అమ్మాయికి పది నిమిషాలు అదనం. పీరియడ్ మధ్యలో క్విజ్ అయిపోగానే టీచర్ కొత్త పాఠం మొదలుపెడతారు. ఆ పది నిమిషాలు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర?" లెర్నింగ్ స్పెషలిస్ట్ ఉన్న బడిలో గది నంబరుతో సహా చెబుతారు. క్విజ్ పేపర్ ముందురోజే తన దగ్గరికి వస్తుందనీ, పిల్ల నేరుగా ఆ గదికే వచ్చి రాస్తుందనీ వివరిస్తారు. బడి మొత్తానికి ఒక్కరే ఉండి, వాళ్లూ సగం రోజే వచ్చే చోట "లంచ్‌లో వచ్చి పూర్తి చేస్తారు" అంటారు. పద్నాలుగేళ్ల పిల్ల స్నేహితుల్ని వదిలి రోజూ లంచ్‌లో క్విజ్ రాయడానికి వెళ్లదు. రెండు వారాల తర్వాత నాకు ఎక్స్‌ట్రా టైమ్ వద్దంటుంది.

బోధన కావలసిన పిల్లల సంగతి వేరు. ఎనిమిదో తరగతిలో ఉన్నా రిపోర్టులో డీకోడింగ్ (అక్షరాలు కూడబలుక్కుని పదం చదవడం) నాలుగైదు తరగతుల స్థాయిలో ఉందంటే, ఎంత టైమ్ ఇచ్చినా లాభం లేదు. విల్సన్, ఆర్టన్-గిల్లింగ్‌హామ్ లాంటి పద్ధతిలో శిక్షణ ఉన్నవాళ్లు వారంలో చాలా రోజులు కూర్చోబెట్టి చదవడం నేర్పాలి. క్యాథలిక్ హైస్కూళ్లలో లెర్నింగ్ సెంటర్ అనే గదిలో ఎక్కువగా జరిగేది ప్లానర్ రాయించడం, పరీక్షలకు కాపలా కూర్చోవడం, హోంవర్క్ సాయం. మంచి పనులే, కానీ చదవడం నేర్పడం కాదు. పబ్లిక్ బడిలో ఇన్-క్లాస్ రిసోర్స్ అంటే క్లాసులో ఇద్దరు టీచర్లు, పుల్-అవుట్ అంటే చిన్న గుంపుతో వేరే గది. ఇవి టైమ్‌టేబుల్‌లోనే ఉంటాయి.

పబ్లిక్ హైస్కూళ్లు ఇదంతా గొప్పగా చేస్తాయని నేననను. తొమ్మిదో తరగతికి రాగానే చదవడం నేర్పే పీరియడ్ తీసేసి "స్టడీ స్కిల్స్" పెట్టే చోట్లు చాలానే ఉన్నాయి. తేడా ఏమిటంటే, ఇక్కడ మీటింగ్ పెట్టమని పట్టుబట్టొచ్చు, ఒప్పుకోనని చెప్పొచ్చు, డ్యూ ప్రాసెస్‌కి (జడ్జి ముందు విచారణకి) వెళ్లొచ్చు. 2017లో ఎండ్రూ ఎఫ్. కేసులో సుప్రీంకోర్టు, పిల్లవాడు ఏదో కొద్దిగా ముందుకు జరిగితే చాలదని తేల్చింది. ఆ తీర్పు మీకు పనికొచ్చేది పబ్లిక్ బడిలోనే. క్యాథలిక్ బడి "మా వల్ల కాదండీ, వచ్చే ఏడాదికి వేరే బడి చూసుకోండి" అంటే చేసేదేమీ లేదు. మా అమ్మాయికి చదవడంలో ఇంకా పని మిగిలి ఉంది. అందుకే పబ్లిక్‌లోనే ఉంచాం.

మనవాళ్లు ఎప్పుడూ అడిగేది: మతం మారుస్తారా? మార్చరు. మాస్‌కి కూర్చోవాలి, రిలీజియన్ క్లాసు నాలుగేళ్లూ చదవాలి. నేను చూసే ఇబ్బంది ఇంకోటి. ఆ క్లాసులో చదవడమూ వ్యాసాలు రాయడమూ ఎక్కువ, మార్కులు జీపీఏలో (అన్ని సబ్జెక్టుల సగటు గ్రేడులో) కలుస్తాయి. దానిపైన స్పానిష్ లేదా లాటిన్ రెండు మూడేళ్లు తప్పనిసరి చేసే బడులున్నాయి. డిస్లెక్సియా ఉన్న పిల్లకు మొత్తం మీద పడే చదువు ఎంతో కోర్సు క్యాటలాగ్ తెప్పించుకుని చూడండి.

చెబితే సీటు ఇవ్వరేమోనని రిపోర్టు దాచేవాళ్లున్నారు. దాస్తే ప్రవేశ పరీక్షకే ఎక్స్‌ట్రా టైమ్ పోతుంది. చెబితే సీటివ్వని బడి చేరాక మాత్రం ఏం చేస్తుంది?

ఇవన్నీ అన్ని చోట్లా ఒకేలా ఉండవు. వర్జీనియాలోని పాల్ సిక్స్త్ క్యాథలిక్ హైస్కూల్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం ఆప్షన్స్ అనే కార్యక్రమం 1998 నుంచీ నడుస్తోంది. డాలస్ వైపు ఉన్నవాళ్లు డబ్బు లెక్క కూడా చూసుకోవాలి. టెక్సస్ 2025లో చేసిన చట్టం ప్రకారం 2026-27 నుంచి, ఐఈపీ ఉన్న పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చుకి ఏడాదికి 30 వేల డాలర్ల దాకా రావచ్చు. ఆ డబ్బు తీసుకుని వెళ్తే పబ్లిక్ బడిలోని హక్కులు అక్కడే ఆగిపోతాయి.

డిస్లెక్సియా పిల్లలకే ప్రత్యేకించిన ప్రైవేటు బడులు బాగుంటాయి, ఫీజు చూస్తే కళ్లు తిరుగుతాయి. కౌంటీ ఒకేషనల్ (వృత్తివిద్య) స్కూళ్లు పబ్లిక్కే కాబట్టి ఐఈపీ వర్తిస్తుంది, సీటు దొరకడమే కష్టం.

ఒక చిక్కు తేదీలది. క్యాథలిక్ బడికి డిపాజిట్ చలికాలంలోనే కట్టమంటారు, తొమ్మిదో తరగతి ఐఈపీ మీటింగ్ మామూలుగా వసంతంలో పెడతారు. పబ్లిక్ వాళ్లు ఏమిస్తారో తెలియకుండానే డబ్బు కట్టేస్తాం. ఐఈపీ మీటింగ్ ఎప్పుడైనా అడగొచ్చు కాబట్టి నవంబర్‌లోనే ఉత్తరం పెట్టండి. మూడేళ్లకోసారి చేసే రీ-ఎవాల్యుయేషన్ దగ్గర్లో ఉంటే అది కూడా ఎనిమిదో తరగతిలో ఉండగానే చేయమనండి. డీకోడింగ్ ఏ స్థాయిలో ఉందో ఆ రిపోర్టు చూశాకే డిపాజిట్ సంగతి.