ముహ్సిన్ ఎర్తూరుల్: రంగస్థలమా, వెండితెరా?

టర్కీ దర్శకుడు ముహ్సిన్ ఎర్తూరుల్ (1892–1979) రెండు పడవల మీదా కాలు పెట్టాడు. ఒడ్డు చేర్చింది నాటకమే.

1927లో ఇస్తాంబుల్‌లోని దారుల్‌బెదాయి నాటకశాల పగ్గాలు చేతికొచ్చాయి. 1935లో పిల్లల నాటకాలు మొదలుపెట్టాడు. 1949లో అంకారాలో ప్రభుత్వ నాటక సంస్థకు తొలి జనరల్ డైరెక్టరయ్యాడు. ఆయన పోయాక కూడా ఆ సంస్థలు నడుస్తూనే ఉన్నాయి.

సినిమాలో ‘మొదటి’ అన్న మాటకు మాత్రం కొదవలేదు. 1923 నాటి ‘ఆతెష్‌తెన్ గొమ్లెక్’లో ముస్లిం టర్కిష్ నటీమణులు తొలిసారి తెరకెక్కారు. 1931లో టర్కీ తొలి టాకీ, 1953లో తొలి రంగుల చిత్రం ‘హలజీ కజ్’ ఆయనవే. చివరిది బోల్తా కొట్టింది.

లోపం ఎక్కడంటే, వేసవిలో నాటకశాల మూతపడ్డాక ఆ నటులతోనే షూటింగ్ చేసేవాడు. ఆఖరి వరుసకు వినపడాల్సిన గొంతు, పెద్ద పెద్ద చేతి విసుర్లు క్లోజప్‌లో అతిగా కనిపిస్తాయి. కెమెరా కదలదు, ఫ్రేమ్ వేదికలాగే ఉండిపోతుంది. పైగా 1939 దాకా దాదాపు పోటీయే లేదు, ఇక దిద్దేదెవరు?

ఒక్క సినిమాతో సరిపెట్టుకోవాలంటే 1932 నాటి ‘బిర్ మిల్లెత్ ఉయానియోర్’ చూడండి.